లో వోల్టేజ్, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కొత్త సిస్టమ్‌కి ఏ ఎస్ఎంపీఎస్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది పిడుగురాళ్ల. బ్లెండర్‌లో యానిమేషన్, వీడియో ఎడిటింగ్ కోసం రైజెన్ 7 7700 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డుతో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకుంటున్నారు. షాపాయన 2,200 రూపాయలకే "850 వాట్ల" ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకి కావాల్సిన వోల్టేజ్‌లోకి మార్చి ఇచ్చే డబ్బా) ఇస్తానంటున్నాడు. పేరున్న కంపెనీ 650 వాట్లదేమో ఐదున్నర వేలు. తక్కువ వాట్లకి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలని అడిగారు. పెద్ద ఎస్ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందా అన్నది రెండోది. సాయంత్రం పూట వోల్టేజ్ పడిపోతుంది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుందా అన్నది మూడోది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 2,200 డబ్బా వద్దు. 750 వాట్ల గోల్డ్ మోడల్ ఒకటి తీసుకోండి, దాని ఇన్‌పుట్ (గోడ నుంచి తీసుకోగల వోల్టేజ్) 100-240 వోల్టులు ఉండాలి. గోల్డ్, బ్రాంజ్ అన్నవి 80 ప్లస్ అనే బ్యాడ్జ్‌లో ర్యాంకులు, కరెంటుని ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్తాయి. బడ్జెట్ అస్సలు కుదరకపోతే 650 బ్రాంజ్‌తో సరిపెట్టుకోవచ్చు గానీ, ఇన్‌పుట్ రేంజ్ దగ్గర మాత్రం రాజీ పడకండి. మీ ఊళ్లో మీ సిస్టమ్‌ని కాపాడేది వాట్ల అంకె కన్నా అదే.

మీరు పెట్టిన లేబుల్ ఫోటో చూశాను. పైన పెద్ద అక్షరాల్లో 850 అని ఉంది. దాని పక్కన డబ్ల్యూ అన్న అక్షరం ఉందేమో మళ్లీ చూడండి. లేదు. అది మోడల్ నంబరు. లోకల్ డబ్బాల్లో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది: అంకె చూసి మనమే వాట్లు అనుకుంటాం, షాపాయన కూడా అలాగే చెప్తాడు. ఇప్పుడు కింద గళ్లలో ఉన్నది చదవండి. 3.3 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 30, 12 వోల్టుల దగ్గర 18. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 92, 150, 216. చిన్నాచితకా లైన్లు కూడా కలిపినా 480 దాటదు. అంటే ఆ లేబులే తన మీద రాసుకున్న 850ని కాదంటోంది.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్, ఫ్యాన్లు అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. 3.3, 5 వోల్టుల లైన్లని వాడుకునేవి ఎస్‌ఎస్‌డీలు, యూఎస్‌బీ లాంటివి, అదీ కొంచెమే. కాబట్టి మీకు పనికొచ్చే అంకె ఒక్కటే, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు అన్నది. ఈ డబ్బాలో అది 18, అంటే 216 వాట్లు. మీ గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కటే 220 వాట్లు తింటుంది. అదే మంచి 650 వాట్ల దాని లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లు ఉంటుంది, అంటే 648 వాట్లు. మొత్తం వాట్లు దాదాపుగా 12 వోల్టుల లైను మీదే దొరికితే అది ఇప్పటి డిజైను. సగం వాట్లు 3.3, 5 వోల్టుల దగ్గర చూపిస్తే అది పాతకాలం డిజైను. కొన్ని లేబుళ్ల మీద 12వీ1, 12వీ2 అని రెండు గళ్లుంటాయి. వాటిని కూడి సంబరపడకండి, కింద కంబైండ్ వాట్స్ అని ఎంత రాశారో అదే లెక్క.

పని మానేసిన ఇలాంటి లోకల్ డబ్బాలు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. విప్పి చూస్తే లోపల ఏం లేదో తెలుస్తుంది. కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ కాయిల్ ఉండాలి. బోర్డు మీద దాని బొమ్మ ముద్రించి ఉంటుంది, రంధ్రాలు కూడా ఉంటాయి, కాయిల్ ఉండదు. దాని బదులు రెండు తీగ ముక్కలు టంకం పెట్టి వదిలేస్తారు. సర్జ్‌ని (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌ని) ఆపే ఎంఓవీ అనే భాగం ఉండాల్సిన చోటు ఖాళీ. అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ల తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు లాంటిది కారి ఉంటుంది. మీరు మాత్రం ఏ ఎస్ఎంపీఎస్‌నీ విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. అది ప్రాణాల మీదకి తెస్తుంది.

విప్పకుండానే ఒక గుర్తు పట్టొచ్చు. వెనకాల 115/230 అని ఎర్రటి చిన్న స్విచ్ ఉందంటే అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటుని సాఫీగా తీసుకునేలా చేసే సర్క్యూట్) లేనట్టే. అలాంటిది వద్దనేయండి. ఆ స్విచ్ పొరపాటున 115 వైపు పడితే మన 230 వోల్టులకి ఠాప్ మని పేలుతుంది కూడా.

ఇప్పుడు మీ సిస్టమ్‌కి ఎంత కావాలో చూద్దాం. రైజెన్ 7 7700కి బాక్స్ మీద 65 వాట్లని ఉంటుంది గానీ, ఫుల్ లోడ్‌లో 88 దాకా తీసుకుంటుంది. 4070 సూపర్ 220. మదర్‌బోర్డు, ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు, ఒక హార్డ్ డిస్క్, ఫ్యాన్లు కలిపి ధారాళంగా 60 వేసుకోండి. మొత్తం 370 దగ్గర తేలుతుంది. ఎన్విడియా ఈ కార్డుకి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ సిఫారసు చేస్తోంది. 370కి 650 ఎందుకంటే, గ్రాఫిక్స్ కార్డులు సగటున 220 తీసుకున్నా, రెప్పపాటులో వందో వంతు కూడా లేని సమయంలో దానికి రెట్టింపు దాకా ఒక్కసారి లాగి వదులుతాయి. ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చిన కొత్తలో చాలామందికి గేమ్ మధ్యలో సిస్టమ్ పుటుక్కున ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే 2022లో ఇంటెల్ ఏటీఎక్స్ 3.0 అని కొత్త ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం చేసినవి 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు లాగినా తట్టుకోవాలి. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉన్నదే కొనాలి.

650 సరిపోయేటప్పుడు నేను 750 అనడానికి కారణం వేరే ఉంది. అది మీ మూడో ప్రశ్నకి సంబంధించింది, అక్కడ చెప్తాను.

బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. 750 వాట్ల ఎస్ఎంపీఎస్ ఎప్పుడూ 750 లాగదు, సిస్టమ్ అడిగినంతే ఇస్తుంది. మీది 370 అడిగితే, 90 శాతం ఎఫిషియెన్సీ ఉన్న గోల్డ్ గోడ దగ్గర సుమారు 411 వాట్లు తీసుకుంటుంది, 85 శాతం ఉన్న బ్రాంజ్ 435. తేడా 24 వాట్లు. రోజుకి ఆరు గంటలు ఫుల్ లోడ్‌లో రెండర్ చేసినా (యానిమేషన్ ఫ్రేములు తయారు చేయించినా) ఏడాదికి 50 యూనిట్ల చిల్లర. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 370 రూపాయల దాకా మిగులుతుంది. కాబట్టి బిల్లు కోసమే గోల్డ్ కొనమని ఎవరైనా చెప్తే నమ్మకండి. గోల్డ్‌లో ఆ 24 వాట్ల వేడి డబ్బాలో తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది. పైగా కంపెనీలు తమ గోల్డ్ మోడళ్లలో మామూలుగా మెరుగైన డిజైను, మంచి కెపాసిటర్లు వాడతాయి. నేను చెప్పేది అందుకు.

"మామూలుగా" అన్నాను, "ఎప్పుడూ" అనలేదు. 80 ప్లస్ బ్యాడ్జ్ కొలిచేది ఎఫిషియెన్సీని, అదీ చల్లటి గదిలో. షార్ట్ అయితే ఆగుతుందా, ఎక్కువ లోడ్ పడితే ఆగుతుందా, అవుట్‌పుట్ ఎంత శుభ్రంగా ఉంది అన్నవి అందులో లేవు. 2021లో గిగాబైట్ కంపెనీ జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం మోడళ్ల విషయంలో జరిగింది చూడండి. రెండూ 80 ప్లస్ గోల్డే. గ్రాఫిక్స్ కార్డుల కరువు కాలంలో అమెరికాలో వాటిని కార్డుతో కలిపి అంటగట్టి అమ్మారు. హార్డ్‌వేర్ రివ్యూలు చేసే గేమర్స్ నెక్సస్ వాళ్లు పరీక్షిస్తే కొన్ని పేలిపోయాయి. చివరికి కంపెనీ ఓవర్ పవర్ ప్రొటెక్షన్ (లోడ్ మితిమీరితే ఆపేసే రక్షణ) హద్దుని 120-150 శాతం నుంచి 110-120కి తగ్గించింది, కొన్ని సీరియల్ నంబర్ల వాటిని మార్చి ఇస్తామంది. అందుకే బ్యాడ్జ్ చూసి ఆగిపోకుండా, మీరు కొనబోయే ఆ మోడల్ పేరుతో, ఆ వాట్లతో ఎవరైనా లోడ్ టెస్టర్ మీద పెట్టి చేసిన రివ్యూ ఉందేమో వెతకండి. సైబెనెటిక్స్ సంస్థ సైట్‌లో చాలా మోడళ్ల టెస్ట్ రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. బ్రాండ్ పేరు ఒక్కటే చాలదు, ఒకే కంపెనీ ఒక సిరీస్‌ని ఒక ఫ్యాక్టరీలో, ఇంకో సిరీస్‌ని ఇంకో ఫ్యాక్టరీలో చేయిస్తుంది.

ఇక మీ ఊరి కరెంటు సంగతి. దీని గురించి షాపుల్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద ఏసీ ఇన్‌పుట్ అని ఒక వరుస ఉంటుంది. మన దగ్గర అమ్మే తక్కువ ధర బ్రాంజ్, వైట్ (బ్రాంజ్ కన్నా కింది ర్యాంకు) మోడళ్లు చాలావాటి మీద 200-240 అని ఉంటుంది. కొన్నింటి పేరులోనే 230వీ అని ఉంటుంది. సిటీలో వాటికి ఏ ఇబ్బందీ లేదు. మీ దగ్గర సాయంత్రం వోల్టేజ్ 170-180కి పడుతుందన్నారు. ఆ వోల్టేజ్‌లో బాగా పనిచేస్తుందని దాన్ని చేసినవాడే హామీ ఇవ్వట్లేదు. కొన్ని నడుస్తాయి, కొన్ని రెండర్ మధ్యలో ఆగిపోతాయి. అదే 100-240 అని ఉన్నది 160 వోల్టుల దగ్గర కూడా తన పని తాను చేసుకుపోతుంది. 411 వాట్లకి 230 దగ్గర 1.8 ఆంపియర్లు తీసుకునేది, 160 దగ్గర 2.6 తీసుకుంటుంది, అంతే తేడా. దీనికి విడిగా స్టెబిలైజర్ కూడా అక్కర్లేదు. రిలే స్టెబిలైజర్ వోల్టేజ్ సర్దే ప్రతిసారీ టక్‌మని ఒక చిన్న గ్యాప్ ఇస్తుంది, కంప్యూటర్‌కి అది లేకపోవడమే మేలు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు కూడా ఒక గ్యాప్ ఉంటుంది. ఆ క్షణంలో సిస్టమ్‌ని నిలబెట్టేది ఎస్ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్. మోటార్ ఆగినా కాసేపు కుళాయిలో నీళ్లు వచ్చేలా చేసే మిద్దె మీది ట్యాంకు లాంటిది అది. ఎంతసేపు నిలబెడుతుందో దాన్ని హోల్డ్-అప్ టైమ్ అంటారు. మంచివాటిలో ఫుల్ లోడ్ దగ్గర 16-17 మిల్లీసెకన్లు ఉంటుంది. తక్కువ రకాల్లో పదికి కూడా రాదు. లోడ్ సగమైతే ఆ సమయం దాదాపు రెట్టింపవుతుంది. 750 వాట్ల దాని మీద మీ 370 వాట్లు సగం లోడ్, కాబట్టి 30 మిల్లీసెకన్ల దాకా ఆశించవచ్చు. నేను 750 అన్నది ఇందుకే.

ఇన్వర్టర్ వైపు చూస్తే, వెనక గానీ ముందు గానీ యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్ మోడ్‌లో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ఫ్యానుకి, లైటుకి అది తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో 10-15లో మారిపోతుంది. అయితే యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ సుమారు 180 వోల్టుల కింద ఉన్న కరెంటుని ఒప్పుకోదు, బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. మీ దగ్గర సాయంత్రాలు అది పదే పదే జరిగి బ్యాటరీ అరిగిపోతుంది. కాబట్టి ముందు నార్మల్ మోడ్‌లోనే పెట్టి, సిస్టమ్‌కి విడిగా 1000 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ (వోల్టేజ్ కాస్త పడితే బ్యాటరీ వాడకుండానే సర్దే రకం) పెట్టుకోవడం మీకు మంచిది. షాపుల్లో ఎక్కువగా దొరికే 600 వీఏది కొనకండి, దాని అసలు సామర్థ్యం 360 వాట్లే, మీ రెండర్ లోడ్‌కి ఆగలేదు. 1000 వీఏ అంటే సుమారు 600 వాట్లు.

మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమా (మెట్లు మెట్లుగా మారే కరెంటు ఇచ్చేది), ప్యూర్ సైన్ వేవ్ రకమా (గోడ కరెంటులా సాఫీగా ఇచ్చేది) అన్నది రాయలేదు. స్క్వేర్ వేవ్ అయితే ఈ సిస్టమ్‌ని దాని మీద నడపొద్దు. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్‌ని ఇష్టపడవు, కొన్ని గుయ్‌మని శబ్దం చేస్తాయి, కొన్ని ఆగిపోతాయి. సైన్ వేవ్ అయినా 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటుంటే ఫ్యాన్లు, లైట్లతో కలిపి ఫుల్ లోడ్‌లో రెండు గంటలొస్తే గొప్ప. రెండర్‌ని ఫ్రేముల వారీగా సేవ్ అయ్యేలా పెట్టుకోండి, ఒక్క వీడియో ఫైలుగా కాదు. మధ్యలో ఆగినా ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, న్యూట్రల్ తెగడం. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ పోతే ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చేస్తుంది. దాన్ని ఏ గోల్డూ, ఏ ప్లాటినమూ తట్టుకోలేదు. మెయిన్ బోర్డు దగ్గర ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఒక్క కంప్యూటరే కాదు, ఫ్రిజ్, టీవీ కూడా బతుకుతాయి. ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ లాన్ కేబుల్ కూడా పీకేయండి, దాని గుండా వచ్చి మదర్‌బోర్డులు పోయినవి చూశాను.

ఎర్తింగ్ ఉందా? కేబినెట్ ఇనుము మీద చేయి పెడితే జివ్వుమంటోందంటే లేదన్నమాట. ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్లు ఎర్త్‌లోకి వెళ్లాల్సిన లీకేజీని బాడీకి ఎక్కిస్తాయి, ఎర్త్ లేకపోతే బాడీ మీద మీటర్ 100 వోల్టుల పైన చూపిస్తుంది. ఎస్ఎంపీఎస్ పాడైందనుకుని మార్చేస్తుంటారు చాలామంది. తప్పు దానిది కాదు. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ దగ్గర ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య మీటర్ పెట్టించి చూడండి, 230 దగ్గర్లో రావాలి. ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయడం మర్చిపోకండి.

ఎండ గురించి కూడా ఒక మాట. రెంటచింతల మీకు దగ్గరే, పల్నాడు మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. కొన్ని ఎస్ఎంపీఎస్‌లు తమ పూర్తి వాట్లని 40 డిగ్రీల దగ్గర ఇస్తామంటాయి, కొన్ని 50 దగ్గర. గది వేడే 40 ఉంటే కేబినెట్ లోపల ఇంకా ఎక్కువ. 50 డిగ్రీల రేటింగ్ ఉన్నదే తీసుకోండి. ఎస్ఎంపీఎస్ కింద కూర్చునే కేబినెట్ అయితే ఫ్యాన్ నేలవైపుకి తిప్పి, అడుగున డస్ట్ ఫిల్టర్ ఉండేలా చూసుకోండి. మీ ఊళ్లో సున్నపు బట్టీల దుమ్ము సంగతి తెలిసిందే కదా, కేబినెట్‌ని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టి, ఫిల్టర్‌ని నెలకోసారి దులపండి.

కేబుళ్ల దగ్గర రెండు జాగ్రత్తలు. 4070 సూపర్ కార్డులు చాలావాటికి 16 పిన్నుల కనెక్టర్ వస్తుంది. ఎస్ఎంపీఎస్‌తోనే ఆ కేబుల్ వస్తే అడాప్టర్ గొడవ ఉండదు. చివరిదాకా, గ్యాప్ కనపడకుండా నొక్కి పెట్టండి, కనెక్టర్ నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు వంచొద్దు. 4090 కార్డుల్లో కనెక్టర్లు కరగడానికి ఒక ముఖ్య కారణం సరిగ్గా దిగకపోవడమే. రెండోది, మాడ్యులర్ కేబుళ్లు, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి ఊడదీసే వీలున్నవి. ఒక ఎస్ఎంపీఎస్ కేబుల్ ఇంకోదానికి ఎప్పుడూ పెట్టొద్దు, రెండూ ఒకే కంపెనీవైనా సరే. పిన్నుల ఆకారం ఒకటే ఉంటుంది, లోపల వైర్ల వరుస వేరు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చి ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ క్షణంలో మాడిపోతాయి, డేటాతో సహా. మిగిలిన కేబుళ్లని ఆ బాక్స్‌లోనే వేసి దాచుకోండి.

కొనేటప్పుడు షాపులో బాక్స్ విప్పించి, మీరు చూసిన మోడల్ పేరు, 12 వోల్టుల ఆంపియర్లు, ఇన్‌పుట్ రేంజ్ లేబుల్ మీద చదివాకే డబ్బు కట్టండి. గుంటూరులో స్టాకు లేకపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. మంచి గోల్డ్ మోడళ్లకి ఏడు నుంచి పదేళ్ల వారంటీ ఉంటుంది, అది కంపెనీ వారంటీయే గానీ షాపు నోటి మాట కాకూడదు. ఇంటికి తెచ్చి బిగించాక మొదటి వారంలోనే, వోల్టేజ్ బాగా పడే సాయంత్రం చూసి, గంటసేపు బరువైన రెండర్ నడపండి. అది నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్‌ని గోడ సాకెట్ నుంచి ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే రిటర్న్ గడువు ఉండగానే తెలుస్తుంది.